గుడ్డల మీద తీర్పులు వద్దు: మా ప్రణాళిక

మదనపల్లె, పుంగనూరు, కుప్పం పట్టణాల్లో ఉంటూ, మూడు తరాల గుడ్డలను ఒకే దండెం మీద ఆరేసుకునే మేము ఈ ప్రణాళికను ప్రకటిస్తున్నాం. ఇవాళ సంప్రదాయం అనిపించుకునే కట్టూబొట్టూ చాలావరకు ఒకప్పటి పడుచువాళ్ల కొత్త పోకడే. కాబట్టి ఇంకొకరి ఒంటిమీది గుడ్డల గురించి ఎవరైనా అభిప్రాయం చెప్పొచ్చు, కట్టడి మాత్రం పెట్టకూడదు. సీమ పల్లెల్లో రవిక లేకుండా చీర కట్టిన అవ్వలను చూసినవాళ్లు ఇంకా ఉన్నారు. ఆ కాలంలో రవిక ఒక సోకు, ఇప్పుడది లేకపోతే తలవంపు. పంజాబీ డ్రెస్సుదీ అదే కథ. ఒకప్పుడు కాలేజీ పిల్లలు వేసుకుంటే మొహాలు చిట్లించారు. ఇప్పుడు చున్నీతో చూడీదార్ వేసుకుంటే తిరుమల కొండమీద అది సంప్రదాయ దుస్తులే. మగవాళ్లు పంచె విడిచి ప్యాంటు తొడిగినప్పుడు మాత్రం ఏ రచ్చబండా కూర్చున్నట్టు లేదు.

అందుకే ఈ గుడ్డల గొడవను పెద్దలకూ పిల్లలకూ తగాదా అని సరిపెట్టడం మాకు సమ్మతం కాదు. 2018లో పశ్చిమ గోదావరి జిల్లా తోకలపల్లిలో పగలు నైటీ వేసుకుంటే 2,000 రూపాయల జరిమానా అని ఊరి పెద్దలు కట్టుబాటు చేశారు. నైటీ కుర్రపిల్లల ఫ్యాషనేమీ కాదు, ఇంటిచాకిరీతో తీరిక లేని అమ్మలు వేసుకునేది. అక్కడ అడ్డొచ్చింది ఈడు కాదు, ఆడవాళ్ల మీద పెత్తనం. మా చుట్టూ ఉన్నది కూడా బిగుసుకుపోయిన సంప్రదాయమేం కాదు. తిరుపతి గంగమ్మ జాతరలో మగవాళ్లు మొక్కు చెల్లించడానికి ఆడవేషం కడతారు. 1895లో మదనపల్లెలో పుట్టిన తత్వవేత్త జిడ్డు కృష్ణమూర్తి ఐరోపాలో సూటు వేశాడు, ఇక్కడ లాల్చీ తొడిగాడు. ఆయన మాటకు విలువ ఏ గుడ్డల్లో తగ్గింది? మదనపల్లె నీరుగట్టువారిపల్లెలో పట్టుచీర నేసే మగ్గం మీద చూడండి. అంచులో పువ్వు ఎలా విచ్చుకోవాలో జకార్డు అట్టల చిల్లులు చెబుతాయి. గిరాకీ మారితే అట్టలూ మారతాయి.

కొత్త మోజుల వల్ల చేనేత చచ్చిపోతుందని కొందరంటారు. బాధ నిజమే, నేరం మోపిన చోటే తప్పు. కొన్ని రకాలను చేతిమగ్గానికే ప్రత్యేకించి 1985లో చట్టం చేసినా, మరమగ్గం మీద తీసిన నకళ్లు అంగళ్లలో దొరుకుతూనే ఉన్నాయి. నేతగాడి కూటికి ఎసరు పెట్టేది ఆ నకలే గానీ జీన్సు తొడిగిన పిల్ల కాదు. గుడికీ చావింటికీ ఒక తీరు ఉండొద్దా అని ఇంకొందరు అడుగుతారు. ఉండొచ్చు, కాకపోతే ఆ తీరు ఆడా మగా ఇద్దరికీ సమానంగా ఉండాలి. పైగా దుస్తులు కూడా భావ ప్రకటనలో భాగమేనని ట్రాన్స్‌జెండర్ల హక్కుల కేసులో 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. చిన్నవాళ్లూ తక్కువ తినలేదు. జుట్టుకు రంగేసిన తాతను చూసి నవ్వడం, రంగుచీర కట్టిన వితంతువును ‘ఈ వయసులో ఎందుకు’ అనడం కూడా తీర్పే.

కనుక మా ఇళ్లలో పెళ్లికూతురి చీర రంగును పెళ్లికూతురే చెబుతుంది. భర్త పోయిన మనిషి బొట్టూ పూలూ ఆమె ఇష్టం. మా కాలేజీల్లో డ్రెస్సు నియమం పెడితే, అది అబ్బాయిలకు లేనిచోట అమ్మాయిలకూ వద్దని రాతపూర్వకంగా అడుగుతాం. చీర కొనేటప్పుడు మాత్రం తప్పకుండా చేనేత మార్కు చూపించమంటాం.