విహారయాత్రలో విశ్రాంతి ఎవరికి?

శని, ఆదివారాలు కలిసి వచ్చినచో కుటుంబమంతా ఏదో ఒక ఊరికి వెళ్ళి రావలెనన్న కోరిక నేడు మధ్యతరగతి గృహాలలో బాగా పెరిగింది. ఇది హర్షించదగిన విషయమే. అయితే ఆ విహారం ముగించుకొని ఆదివారం రాత్రి ఇల్లు చేరిన గృహిణి ముఖం ఎన్నడైనా గమనించారా? నేను చాలాకాలం గమనించలేదు. ఆ సంగతి మనవి చేయటానికే ఈ వ్యాసం.

రెండేళ్ళ క్రితం కార్తీక మాసంలో మా కుటుంబం కంభం వెళ్ళింది. గుంటూరు నుంచి నంద్యాల పోయే రైలు మార్గంలో మార్కాపురం, గిద్దలూరుల నడుమ నల్లమల కొండల చేరువన ఉన్న చిన్న పట్టణమిది. గుండ్లకమ్మ నదికి రెండు కొండల సందున అడ్డుకట్ట వేసి విజయనగర రాజుల కాలంలో నిర్మించిన చెరువు ఇక్కడ కలదు. వరదరాజమ్మ అనే రాణి దీనిని కట్టించినదని స్థానికుల నమ్మకం. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల, డ్రైనేజీ కమిషన్ దీనిని ప్రపంచ వారసత్వ నీటిపారుదల కట్టడంగా గుర్తించింది. వానలు సరిగా లేని సంవత్సరాలలో చెరువు అడుగంటటం కద్దు. మేము వెళ్ళిన ఏడు మాత్రం నీరు నిండుగా ఉంది. తెల్లవారుజామున కట్ట మీద నిలబడితే కొండల నీడ నీటిలో కదులుతూ, చల్లని గాలి ఒంటికి తగులుతూ, అర్ధగంటలో మనసు తేలికపడింది. నాకు, మా అబ్బాయికి, పిల్లలకు ఆ రెండు రోజులూ పండుగే.

తిరిగివచ్చిన మూడవనాడు మా కోడలికి చలిజ్వరం, మూత్రంలో మంట, నడుములో ఒకవైపు నొప్పి కనిపించాయి. వైద్యులు మూత్రపరీక్ష చేయించి, సోకిన క్రిములు మూత్రపిండం వరకు ప్రాకినవని చెప్పి మందులు ఇచ్చారు. వారం రోజులు మంచం పట్టింది. మామగారితో చెప్పుకోలేని విషయం గనుక అసలు కారణం ఆమె అత్తగారికి చెప్పింది. నా భార్య ఒకనాటి రాత్రి నాకు చెప్పింది. కారులో వెళ్ళిన అయిదు గంటలలో ఆమె ఒక్కసారి కూడా మూత్రవిసర్జనకు దిగలేదట. దారిలో ఒకచోట ఆపితే అక్కడి గదికి తాళం, మరొకచోట లోపల కాలు పెట్టలేని స్థితి. అందుచేత ముందుజాగ్రత్తగా ఉదయం నుంచి నీళ్ళు త్రాగటమే మానుకొన్నదట. "మనం దారిలో మూడుసార్లు కాఫీకి ఆగాము, ఆ అమ్మాయి ఒక్కసారీ కప్పు ముట్టలేదు, మీరు చూడలేదా?" అని నా భార్య అడిగింది. నేను చూడలేదు.

చరకసంహిత సూత్రస్థానంలో ఏడవ అధ్యాయం సహజ వేగాలను ఆపరాదన్న విషయానికే కేటాయించబడింది. మూత్రం, మలం, ఆకలి, దప్పిక, నిద్ర మొదలుగా పదమూడు వేగాలను అందులో చెప్పారు. మూత్రవేగాన్ని నిరోధిస్తే పొత్తికడుపులో నొప్పి, మూత్రం కష్టంగా రావటం, తలనొప్పి కలుగుతాయని, దప్పికను నిరోధిస్తే నోరు, గొంతు ఎండి అలసట కలుగుతుందని ఆ గ్రంథం పేర్కొంటుంది. నీరు తక్కువ త్రాగి మూత్రాన్ని గంటల తరబడి నిలుపుకొంటే క్రిములు వృద్ధి చెందే అవకాశం ఎక్కువని ఆధునిక వైద్యమూ అంటుంది. ఇక మా కోడలి లెక్క చూడండి. మూత్రం ఒకటి, దప్పిక రెండు. శుక్రవారం రాత్రి పన్నెండు దాటే వరకు పులిహోర కలిపి, సామాను సర్ది, శనివారం నాలుగింటికే లేచింది గనుక నిద్ర మూడు. పదమూడింటిలో మూడు వేగాలను ఒకే మనిషి ఒకే రోజున నిరోధించింది, అదీ మా అందరి విశ్రాంతి కొరకు! పైగా ఖర్చు కలిసివస్తుందని మేము స్టవ్వు, బియ్యం, పప్పులు వెంట తీసుకొని వెళ్ళాము. బసలో వంట ఎవరు చేశారో చెప్పనవసరం లేదు.

కనుక నా అభిప్రాయం నిర్మొహమాటంగా చెబుతాను. స్త్రీలు కూర్చుని తినే ఏర్పాటు, దారిలో వారు దిగగలిగే చోటు ముందుగా చూసుకోని విహారయాత్ర మానుకోవటమే మేలు. "సర్దుకుపోతారు లెండి" అనే మాట మన ఇళ్ళలో చాలా జబ్బులకు మూలం.

యాత్రికులకు మరి రెండు మూడు సంగతులు. శరదృతువులో పగలు సూర్యకిరణాలకు కాగి, రాత్రి వెన్నెలకు చల్లారిన నీటిని పెద్దలు హంసోదకమని మెచ్చుకొన్నారు. అది నాటి నీటి మాట, నేడు చెరువు నీరు నేరుగా త్రాగరాదు. పశ్చిమ ప్రకాశం ప్రాంతపు భూగర్భజలాలలో ఫ్లోరైడు ఎక్కువ. కాచినందువలన క్రిములు చస్తాయి గాని ఫ్లోరైడు పోదు. శుద్ధి చేసిన నీరు వెంట ఉండాలి, ఆ నీరు అందరూ త్రాగాలి. ముందురోజు రాత్రి మేల్కొన్నవారు, మేల్కొన్న కాలంలో సగం మర్నాటి ఉదయం భోజనానికి ముందు నిద్రించవచ్చునని అష్టాంగహృదయం సెలవిస్తుంది. మొదటి ఉదయమే అందరినీ లేపి కట్టకు తరిమే ఇంటి యజమానులు దీనిని గుర్తుంచుకోవాలి (నేనూ ఆ కోవలోని వాడినే).

మూత్రంలో కొద్దిపాటి మంటగా ఉంటే ధనియాలు నానబెట్టిన నీరు, బార్లీ జావ, పల్లేరు కాయల కషాయం మన ఇళ్ళలో వాడుకలో ఉన్నవే, అవి కొంత ఉపశమనం ఇవ్వవచ్చును. కాని చలిజ్వరం, నడుము నొప్పి, మూత్రంలో రక్తం కనిపించినా, బాధపడుతున్నది గర్భవతి అయినా కషాయాలతో కాలం గడపక వెంటనే వైద్యుని చూడాలి. మా ఇంట్లో మొదటి రోజంతా ధనియాల నీటితోనే గడిచింది. ఆ ఆలస్యానికి సలహా ఇచ్చినవాడిని నేనే.

మొన్న మాఘమాసంలో మళ్ళీ కంభం వెళ్ళాము. ఈసారి రైలులో వెళ్ళాము, అందులో మరుగుదొడ్డి ఉంటుంది గనుక. స్టవ్వు ఇంట్లోనే ఉంచాము. ఉదయం వీధి చివరి హోటలు నుంచి ఇడ్లీలు తెచ్చే పని నాది, పిల్లలకు స్నానాలు చేయించే పని మా అబ్బాయిది. పొట్లాలతో నేను తిరిగి వచ్చేసరికి ఎండ బాగా ఎక్కింది. అత్తాకోడళ్ళిద్దరూ ఇంకా నిద్ర లేవలేదు. మేము లేపలేదు.