దస్త్రం మనది, తాళంచెవి ఎవరిది?

మొన్న పల్లె నుండి మా చిన్నాన్న ఫోను చేశారు. "ఒరే అబ్బాయ్, పొలం అగ్రిమెంటు కాగితం వచ్చిందిరా. నొక్కితే ఇంగ్లీషులో ఏదో అని మూసుకుపోతోంది." తెరపట్టు తెప్పించుకొని చూశాను. ఈ దస్త్రాన్ని తెరవగల అప్లికేషను మీ ఫోనులో లేదన్నది ఆ ఆంగ్లవాక్యపు సారాంశం. అది పచ్చి అబద్ధం. పీడీయెఫ్ చూపే అప్లికేషనును ఆ ఫోనులో పోయినేడు నేనే స్వయంగా వేసి ఇచ్చాను.

ఆ కాగితం పంపిన అప్లికేషను పేరు చెప్పను. దోషం దానొక్కదానిదే కాదు గనుక. "ఒకే కోడు, రెండు వేదికలు" అన్న మంత్రం జపిస్తూ ఆండ్రాయిడుకూ ఐఫోనుకూ కలిపి ఒక్కసారే వండి వడ్డించే వంటశాలలన్నింటిలోనూ ఈ మాడువాసన ఉన్నది. 2015లో రియాక్ట్ నేటివ్ వచ్చింది, 2018లో ఫ్లట్టర్ తొలి స్థిరరూపం వచ్చింది. రెండూ మంచి పనిముట్లే. కాని బొత్తాలూ రంగులూ రెండు ఫోన్లలో ఒక్కలా గీసినంత మాత్రాన, దస్త్రాన్ని తెరవడం కూడా రెండింటా ఒక్కలా జరుగుతుందనుకోవడం భ్రమ.

ఐఫోనులో 2010 నుండీ క్విక్ లుక్ అనే సదుపాయం వ్యవస్థలోనే ఉన్నది. పీడీయెఫ్, వర్డు, బొమ్మ, ఏదైనా సరే, అప్లికేషను దాటి బయటికి పోకుండానే చూపిస్తుంది. ఆండ్రాయిడు తీరు వేరు. అక్కడ ఒక అప్లికేషను "ఈ దస్త్రాన్ని ఎవరైనా చూపగలరా?" అని ఇరుగుపొరుగును అడగాలి. 2016లో వచ్చిన ఆండ్రాయిడు 7 నుండి దస్త్రపు చిరునామాను నేరుగా పొరుగువాడి చేతిలో పెట్టడం నిషిద్ధం. కంటెంట్ చిరునామా సృష్టించి, చదివే అనుమతి జతచేసి ఇవ్వాలి. 2020లో ఆండ్రాయిడు 11 మరో నియమం తెచ్చింది. ఎటువంటి పొరుగువారిని వెతుకుతామో మానిఫెస్టులో ముందే ప్రకటించని అప్లికేషనుకు, పొరుగున ఎవరున్నారన్న ప్రశ్నకు చాలావరకు "ఎవరూ లేరు" అన్న జవాబే వస్తుంది. చిన్నాన్నకు ఎదురైన అబద్ధానికి మూలం బహుశా ఇదే. మానిఫెస్టులో నాలుగు వరుసలు రాయడానికి బద్ధకించినవాడు, ఆ లోపాన్ని అరవయ్యేళ్ళ రైతు ఫోను మీదికి నెట్టాడు.

కథ అంతటితో ముగియలేదు. దస్తావేజు లేఖరి అదే అగ్రిమెంటును వర్డు దస్త్రంగా మళ్ళీ పంపాడు. ఈసారి తెరుచుకుంది. "ఇదేం భాషరా?" అన్నారు చిన్నాన్న. యూనికోడు కాని పాత ఖతిలో కొట్టిన పత్రమది. రోమను అక్షరాల స్థానాల్లో తెలుగు ఆకారాలను కూర్చిన ఖతులవి. ఆ ఖతి లేని ఫోనులో కనబడేది రోమను పిచ్చిగీతలే. ఇందులో సగం పాపం మనది. 1991లో యూనికోడు తొలి కూర్పులోనే తెలుగుకు చోటు దక్కినా, మన కచేరీల చుట్టూ ఉన్న టైపు దుకాణాలు నేటికీ ఆ ఖతులను వదలలేదు.

అయితే యూనికోడులో రాసినా బాధ తీరదు. యూటీయెఫ్-8లో ఒక్కో తెలుగు సంకేతానికి మూడు బైట్లు. టెక్స్టు దస్త్రం ఏ సంకేతలిపిలో ఉన్నదో విచారించకుండా లాటిన్ అనుకొని చూపితే, ఒక్క "అ"కు బదులు మూడు వింత గుర్తులు ప్రత్యక్షమవుతాయి. ఒక్క తెలుగు దస్త్రంతో పరీక్షించి ఉంటే ఇది మొదటిరోజే బయటపడేది.

"చిన్న బృందం, తక్కువ గడువు, అన్ని రకాల దస్త్రాలనూ ఎక్కడ చూపగలం?" అంటారు. ఒప్పుకుంటాను. కాని పీడీయెఫ్ పుటలను బొమ్మలుగా గీసే సదుపాయం 2014 నాటి ఆండ్రాయిడు 5 నుండీ వ్యవస్థలోనే ఉన్నది. దాన్ని వాడుకోవడానికి గడువు చాలదా? మరికొందరిది ఇంకా ప్రమాదకరమైన అడ్డదారి. దస్త్రాన్ని ఎవరైనా అందుకోగల జాలచిరునామాలో పెట్టి, దూరాన ఉన్న సర్వరు చేత చదివించి, ఆ చిత్రాన్ని తెచ్చి చూపుతారు. సర్వే నంబరూ, ఆధార్ సంఖ్యా, సంతకమూ ఉన్న కాగితాన్ని సొంతదారు చూడటానికి ముందు ఊరందరికీ అందేలా రచ్చబండ మీద పెట్టడమన్న మాట!

నేను కోరేది ఆకాశకుసుమం కాదు. పీడీయెఫ్, బొమ్మ, టెక్స్టు, ఈ మూడింటినైనా అప్లికేషనులోనే చూపండి. మిగిలినవి పొరుగుకు అప్పగించేటప్పుడు ఆయా వేదికల నియమాలు పాటించండి. చేతకానప్పుడు, చేతకాలేదని తెలుగులో చెప్పి, దస్త్రాన్ని భద్రపరచుకొనే దారీ, మరొకరికి పంపుకొనే దారీ చూపండి.

మనలో చాలామందికి అన్నం పెడుతున్నది ఈ వృత్తే. కనుక ఈ మాటలు బయటివారికన్నా ముందు మనకే తగులుతాయి, తగలాలి కూడా. చిన్నాన్న చివరికి పాతిక కిలోమీటర్లు బస్సులో వెళ్ళి, ఆ కాగితాన్ని అచ్చులో తెచ్చుకొని, కళ్ళద్దాలు పెట్టుకొని చదువుకున్నారు. అందులో ఒక సరిహద్దు తప్పుగా ఉన్నది. ఫోనును నమ్మి, చదవకుండానే సంతకం చేసి ఉంటే?

జవాబు మీరే చెప్పండి.