కొలత వేషం కట్టిన అంచనా

రాశిని చూసి "రెండు కుంచాలుంటాయి" అనడం అంచనా. కుంచంతో పోసి చూసి చెప్పడం కొలత. ఎనిమిదవ తరగతి పిల్లవానికి సైతం తెలిసిన ఈ భేదం మన ఆహార సలహాదారులలో కొందరికి తెలియకపోవడమే ఈ నాలుగు మాటలు వ్రాయడానికి కారణం.

నా శ్రీమతికి 63 ఏండ్లు. బరువు 50 కిలోలు, ఎత్తు 150 సెంటీమీటర్లు. చక్కెర వ్యాధికి పథ్యం అడగబోతే, ఒకచోట ఆమెను యంత్రంపై నిలబెట్టి, వయసూ ఎత్తూ అడిగి, ఒక చీటీ చేతికిచ్చారు. "విశ్రాంత జీవక్రియ 962 కిలోక్యాలరీలు" అని అందులో ఉన్నది. "ఇంతకు మించి తినకండి" అన్నారు. నెల తిరగకుండానే ఆవిడ పూజగదిలో కళ్లు తిరిగి కూలబడింది.

అసలు ఆ 962 ఎక్కడిది? బరువును 10తోను, ఎత్తును 6.25తోను హెచ్చించి కూడి, అందులోనుండి వయసుకు 5 రెట్లు తీసివేసి, స్త్రీ గనుక మరో 161 తగ్గిస్తే వచ్చినది. ఇది 1990లో అమెరికాలో 498 మందిని పరీక్షించి మిఫ్లిన్ ప్రభృతులు కట్టిన సూత్రం. 1919 నాటి హారిస్, బెనెడిక్ట్‌ల సూత్రం ప్రకారం లెక్కిస్తే అదే మనిషికి 1116 వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ తదితరుల 1985 నాటి సూత్రం 1121 అంటుంది. అది భారతీయులకు ఎక్కువ చూపుతున్నదని మన వైద్య పరిశోధన మండలి నిపుణులు 5 శాతం తగ్గించి వాడారు. ఆ లెక్కన 1065. మనిషి ఒక్కతే, సంఖ్యలు నాలుగు! కనిష్ఠానికీ గరిష్ఠానికీ తేడా 159. అంటే సుమారు 120 గ్రాముల అన్నం. వీటిలో ఒకదానిని ఏరి, ఒకట్ల స్థానం వరకు అచ్చువేసి చేతికివ్వడం ఏమి శాస్త్రం?

నిజంగా కొలవాలంటే పద్ధతి ఉన్నది. పరగడుపున, కదలక మెదలక పడుకున్న మనిషి పీల్చుకొన్న ప్రాణవాయువునూ, విడిచిన బొగ్గుపులుసు వాయువునూ పరికరంతో లెక్కగట్టాలి. అది అందరికీ అందుబాటులో లేదు గనుక సూత్రాలు పుట్టాయి. వాటిని నేను నిందించను. పదిమంది సగటుకు అవి చక్కగా పనికివస్తాయి. ఒక్క మనిషి విషయంలో నూటికి పది పాళ్లు అటో ఇటో తప్పడం వాటికి వింత కాదు.

రెండవ అపరాధం మరీ ఘోరం. విశ్రాంత జీవక్రియ అంటే ఊరక పడుకొన్నా గుండె, మెదడు, కాలేయం మొదలైనవాటికి అయ్యే ఖర్చు. నీళ్లు తోడి, వంట వండి, మెట్లెక్కి దిగే ఇల్లాలికి అది దినభత్యమెట్లా అవుతుంది? దీపం వత్తికి సరిపడే నూనె కొలిచి, అందులోనే వంట కూడా కానిమ్మన్నట్లున్నది!

నేను కోరేది పెద్ద సంస్కరణ కాదు. ఆ చీటీపై సంఖ్యకు ముందు "సుమారు" అనే మూడక్షరాలు వేయండి. ఏ సూత్రమో పేరు వ్రాయండి. ఒక్క సంఖ్యకు బదులు "ఇంత మొదలు ఇంత వరకు" అనండి. అది విశ్రాంతిలో ఖర్చే గాని తిండి హద్దు కాదని చెప్పండి. అంచనాను అంచనా అని ఒప్పుకొంటే శాస్త్రానికి చిన్నతనం లేదు. కొలతగా చలామణీ చేస్తేనే, ఎవరో ఒక అమ్మ కళ్లు తిరిగి పడిపోతుంది.