మేడ మీద బోర్డు, తాడు మీద పిల్లగాడు

హనుమకొండ చౌరస్తా నుంచి నక్కలగుట్ట దాకా రాత్రిపూట బండి మీద వెళ్తే ఇప్పుడు తలెత్తి చదవాల్సి వస్తోంది. ఆసుపత్రి, బట్టల దుకాణం, కోచింగ్ సెంటర్, అందరి పేర్లూ డాబాల మీదికి ఎక్కినయ్. పాత సెంట్రల్ జైలు జాగాలో 24 అంతస్తుల ఆసుపత్రికి 2021 జూన్‌లో శంకుస్థాపన అయ్యాక మన ఊళ్లో నాలుగైదు అంతస్తులు ఎవరికీ ఎత్తుగానే అనిపించడం లేదు. రోష్నీతో నాకేం దుష్మనీ లేదు. నా సవాల్ ఒక్కటే: ఆ అక్షరాలను అక్కడ బిగించింది ఎవరు, దేని మీద నిలబడి?

జవాబు మన మొహల్లాల్లోనే ఉంది. మండిబజార్‌లో, చార్‌బౌలీలో ఏ గల్లీలో అడిగినా వెల్డింగ్ పిల్లగాడో, కరెంటు పని పిల్లగాడో దొరుకుతాడు. ఒకప్పుడు బోర్డంటే పెయింటర్ చిచ్చా. నిచ్చెన వేసుకుని, ఉర్దూ, తెలుగు, ఇంగ్లీషు మూడూ ఒకే చేత్తో రాసేవాడు. కింద పడితే కాలు విరిగేది, అంతే. ఫ్లెక్స్ వచ్చి ఆయన బ్రష్‌ను పక్కన పెట్టించింది. ఇప్పుడు ఎల్‌ఈడీ అక్షరాలు వచ్చి ఆయన మనవణ్ని ఐదో అంతస్తు పిట్టగోడ అంచుకు తెచ్చినయ్.

నాకు తెలిసిన ఒక కుర్రాడు అట్లాగే జారిపడ్డాడు. నడుము పోయింది. బోర్డు మాలిక్ ‘నేను కాంట్రాక్టరుకు ఇచ్చాను భాయ్’ అన్నాడు. కాంట్రాక్టరు ‘నేను వెల్డర్‌కు గుత్తకిచ్చాను’ అన్నాడు. వెల్డరేమో ఆ పిల్లవాడి సొంత మామూ. ఆయన దగ్గర తీసుకునేందుకు ఏముంది? చివరికి ఆసుపత్రి బిల్లు జుమా నమాజ్ తర్వాత చందా ఎత్తి కట్టాం. ఆ వారం కూడా బోర్డు జిగేల్‌మని వెలుగుతూనే ఉంది.

కొంచెం లెక్క చెప్పాలి, ఓపిక పట్టండి. పెద్ద బోర్డుకు అసలు ఖత్రా దాని బరువుతో కాదు, గాలితో. గాలి వేగం రెండింతలైతే తోపుడు నాలుగింతలవుతుంది. గాలి కోసం మన దేశంలో రాసిపెట్టిన ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం. అందులో హైదరాబాద్‌కు పెట్టిన వేగం సెకనుకు 44 మీటర్లు, అంటే గంటకు దాదాపు 158 కిలోమీటర్లు. ఆ గాలి తగిలితే 20 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తు ఉన్న పలక మీద పడే తోపుడు రెండు టన్నులు దాటుతుంది. ఎత్తు పెరిగితే ఇంకా ఎక్కువ. మనోళ్లు ఈ ఫ్రేమును ఎక్కడ బిగిస్తున్నారు? చాలాచోట్ల ఇటుకల పిట్టగోడకు. పిల్లలు పడకుండా కట్టిన గోడ అది, తెరచాపను మోయడానికి కాదు. బోల్టులు పిల్లర్‌కో బీముకో స్లాబుకో దిగాలి. ఎక్కడ దిగాలో బిల్డింగు నక్షా గీసిన రోజే ఇంజనీరు చూపించాలి. పైకి మనిషి వెళ్లేందుకు దారి, తాడు కట్టుకునే కొక్కెం, ఎర్తింగ్, కరెంటు ఆపే స్విచ్చి, అన్నీ అప్పుడే అనుకోవాలి. మన దగ్గర గృహప్రవేశం అయ్యాక, రిబ్బన్ కత్తిరించడానికి మూడు రోజుల ముందు బోర్డు యాదికొస్తుంది. అప్పుడు దొరికేది రాత్రి పని, డబల్ కూలి, ఒక తాడు.

అక్షరాల సైజు సంగతీ అంతే. పది అడుగుల దూరానికి ఒక అంగుళం ఎత్తు చాలని ఈ పనిలో ఒక మోటు లెక్క ఉంది. 300 అడుగుల నుంచి చదవాలంటే 30 అంగుళాలు. పక్కోడి బోర్డు కంటే పెద్దది కావాలనే జిద్దుకు మాత్రం ఏ లెక్కా లేదు. (మన ఉర్దూ పేరు పెట్టించే శౌఖ్ ఉన్నవాళ్లకు ఒక మాట. నస్తలీఖ్‌లో అక్షరాలు కలిసిపోయి ఒకే పెద్ద ముక్కవుతాయి, నుఖ్తాలు మాత్రం విడిగా గాలిలో మిగులుతాయి. ఒక్కో నుఖ్తాకు ఒక్కో ఆధారం కావాలి. తెలుగు వత్తులకూ అదే తిప్పలు.)

ముంబైలోని ఘాట్‌కోపర్‌లో 2024 మే 13న ఏం జరిగిందో టీవీలో చూశాం. 40 అడుగుల పొడవు, వెడల్పులు దాటకూడదన్న నియమం ఉన్నచోట 120 అడుగుల పొడవు, 120 అడుగుల వెడల్పుతో హోర్డింగు నిలబెట్టారు. గాలివానకు అది పెట్రోలు బంకు మీద పడి 17 మంది చనిపోయారు. అది నేల మీద నిలబెట్టిన హోర్డింగు. మేడ మీది బోర్డు ఊడితే ఎంత దూరం ఎగిరి ఎవరి మీద పడుతుందో? హైదరాబాద్‌లో 2020 ఏప్రిల్‌లో వచ్చిన జీవో 68 నేల నుంచి 15 అడుగులు దాటిన ప్రకటనలు వద్దన్నది. వరంగల్ కార్పొరేషన్ కూడా పన్ను రసీదుతో పాటు ఇంజనీరు సంతకం అడగాలి. రోహిణి కార్తె గాలిదుమారాలకు ముందు ప్రతి ఏడాదీ బోల్టులు చూపించమనాలి. తుప్పు పట్టిన బోల్టు కింద నిలబడినవాడికి కనిపించదు.

‘అంతా తఖ్దీర్’ అని మన పెద్దలే కొందరు ఊరుకుంటారు, అది నాకు మింగుడు పడదు. ఒంటెను కట్టి ఆ తర్వాత తవక్కుల్ చెయ్యమన్న దీన్ మనది. తాడు కట్టకుండా పిల్లవాణ్ని ఎక్కించి ఖుదా మీద పెట్టడం తవక్కుల్ కాదు, బేఫిక్రీ. మజ్దూర్‌కు పరిహారం యజమాని జిమ్మేదారీ అని ఈ దేశంలో 1923 నుంచే చట్టం ఉంది. కానీ కాగితం మీద పేరు లేనివాడు తను మజ్దూర్‌నని ఎట్లా రుజువు చేసుకుంటాడు?

అందుకే అమ్మీలకు, అబ్బాలకు చెప్తున్నా. భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులో 18 నుంచి 60 ఏళ్ల లోపువాళ్లు, ఏడాదిలో 90 రోజులు ఈ పని చేసినవాళ్లు పేరు రాయించుకోవచ్చు. వెల్డర్లకూ ఎలక్ట్రీషియన్లకూ అందులో చోటుంది. లేబర్ కార్డు లేని బేటా ఇంట్లో ఉంటే ఈ వారమే పంపండి. పని ఒప్పుకునేటప్పుడు కూలి ఎంతో అడుగుతున్నాం కదా, దాంతోపాటు ఎవరి పని, ఎవరి పూచీ అని ఒక వాట్సాప్ మెసేజైనా రాయించుకొమ్మనండి. ఎక్కేముందు నడుముకు బెల్టు ఇచ్చారా అనే కాదు, తాడు రెండో కొస దేనికి కట్టారో కూడా చూసుకొమ్మనండి. పిట్టగోడకే కట్టి ఉంటే కిందికి దిగి ఇంటికి వచ్చెయ్యమనండి.