నీళ్ల కబురు చెప్పొచ్చు, నిలదీయకూడదా?

జహీరాబాద్ దగ్గర మాచ్‌నూర్‌లో 2008 అక్టోబర్ 15న 'సంఘం రేడియో' మొదలైంది. పల్లెటూరి దళిత మహిళలే మైకు పట్టి జొన్నలు, కొర్రలు, విత్తనాల ముచ్చట్లు తమ యాసలోనే వినిపించారు. వింటే ఎంత ముచ్చటేస్తుందో!

రేడియో తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే తేల్చింది. స్వచ్ఛంద సంస్థలకు మాత్రం 2006లో గానీ అనుమతి రాలేదు. అదీ ఒక మెలికతో. కమ్యూనిటీ రేడియోలు సొంతంగా వార్తలు చెప్పకూడదు. కావాలంటే ఆకాశవాణి వార్తల్ని ఉన్నవి ఉన్నట్టు వినిపించుకోవచ్చు.

వాతావరణం, కరెంటు, మంచినీటి సరఫరా ప్రకటనలకు అభ్యంతరం లేదట. అంటే 'రేపు నల్లా రాదు' అని చెప్పొచ్చు. మరి 'వారంగా ఎందుకు రావట్లేదు, పైపులకిచ్చిన డబ్బేమైంది?' అని అడిగితే? అది వార్త అయి కూర్చుంటుంది! నా బాధల్లా ఇదే. బిందె పట్టుకుని వరసలో నిలబడేది ఆడవాళ్లే కదా, ఆ ప్రశ్న వాళ్లు కాక ఇంకెవరు అడుగుతారు?

2024లో ఈ రేడియోలకు వ్యాపార ప్రకటనల సమయాన్ని గంటకు 12 నిమిషాలకు పెంచారు. మంచిదే, ఖర్చులు గడవాలిగా. కానీ సబ్బులు అమ్మడానికి 12 నిమిషాలిచ్చిన ప్రభుత్వం, ఊరి సంగతి అడగడానికి 2 నిమిషాలు ఇవ్వలేదా?