ఒంట్లో ఏం పెట్టారో రోగికి రాసివ్వండి

డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ ట్రస్ట్ ముఖ్య కార్యనిర్వహణాధికారి గారికి,

2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ తొలి విడత మొదలైన మూడు జిల్లాల్లో మా అనంతపురం ఒకటి. ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో మీరు నడుపుతున్న ఆ పథకం ఎందరో పేదలను ఆదుకుంది. హెర్నియా ఆపరేషన్ తర్వాతి రోజుల గురించి మీకు ఒక విన్నపం.

హెర్నియాకు వేసే మెష్ (వల) ఎక్కువగా పాలీప్రొపిలీన్‌తో చేసిందే. దాన్ని కుట్లతోనో, ల్యాప్రోస్కోపీలో అయితే టైటానియం టాక్‌లతోనో (చిన్న మొలలు), మెల్లగా కరిగిపోయే టాక్‌లతోనో బిగిస్తారు. శరీరం వీటిని పరాయి వస్తువులుగానే చూస్తుంది. రక్షణ కణాలు చుట్టుముడతాయి, తర్వాత మచ్చ కణజాలం అల్లుకుంటుంది. మెష్‌కు పట్టు దొరికేది ఆ అల్లికతోనే. అది అతిగా జరిగితే మెష్ ముడుచుకుపోతుంది. ఒక్కోసారి పేగు అతుక్కుంటుంది. టాక్ నరానికి తగిలితే నొప్పి వదలదు. గజ్జల హెర్నియా ఆపరేషన్ తర్వాత నూటికి 10 నుంచి 12 మందికి ఇబ్బందిపెట్టే దీర్ఘకాలిక నొప్పి ఉంటుందని 2018 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి.

ఆ నొప్పి ఏడాదికో రెండేళ్లకో ముదిరేసరికి, వానలు లేక ఊరు విడిచిన మనిషి బెంగళూరులో ఇటుకలు మోస్తుంటాడు. అక్కడి డాక్టరుకు ఎక్స్‌రేలో టైటానియం టాక్‌లు కనిపిస్తాయి గానీ పాలీప్రొపిలీన్ మెష్ కనిపించదు. డిశ్చార్జి కాగితంలో ‘మెష్ వేశాం’ అన్న ఒక్క మాటతో ఆయన చేయగలిగింది తక్కువ.

అందుకే అడుగుతున్నాం. హెర్నియా ఆపరేషన్ అయిన ప్రతి రోగికీ తెలుగులో ఒక కార్డు ఇప్పించండి. మెష్ పేరు, పదార్థం, కొలత, లాట్ నంబరు, దేనితో బిగించారు, ఎన్ని టాక్‌లు, ఏ తేదీన, ఏ ఆసుపత్రిలో అన్నీ అందులో ఉండాలి. లాట్ నంబరు ప్యాకెట్ మీదే ఉంటుంది, ఎక్కించడానికి రెండు నిమిషాలు చాలు.

వికటించిన కేసులను దాచకుండా, వైద్య పరికరాల వల్ల కలిగే హానిని నమోదు చేసేందుకు 2015లో మొదలైన జాతీయ మెటీరియోవిజిలెన్స్ కార్యక్రమానికి తెలపాలని మీ నెట్‌వర్క్ ఆసుపత్రులను ఆదేశించండి. స్వీడన్ 1992 నుంచే హెర్నియా ఆపరేషన్లకు రిజిస్టరు నడుపుతోంది. ఆసుపత్రుల క్లెయిముల రూపంలో ఆపరేషన్ల వివరాలు మీ దగ్గరికే వస్తున్నప్పుడు అలాంటిది ఇక్కడా సాధ్యమే.

కార్డు నకలు జతచేయని క్లెయిముకు డబ్బు చెల్లించకండి. ఆ ఒక్క షరతు పెడితే ఈ పని రేపే మొదలవుతుంది. తన ఒంట్లో ఉన్న వస్తువు పేరు తెలుసుకోవడం రోగి హక్కు.

ఇట్లు,
అనంతపురం జిల్లా పౌరుడు