కొండ ముందు, కడలి పిమ్మట

మన యువజనులలో నొక నూతనాభిరుచి కొలది యేండ్లుగా బలపడుచున్నది. పండుగ సెలవులు వచ్చినతోడనే వీపున నొక సంచి తగిలించుకొని కొండ ప్రాంతములకు బోవుట, నాలుగైదు దినములు కాలినడకను శిఖరము లెక్కి దిగుట, ఆపై సముద్రతీరమునకు వచ్చి స్కూబా యనెడి జలాంతర విద్యను నేర్చుకొనుట వారి కార్యక్రమము. విశాఖపట్టణమున కీ రెండును దాపుననే యుండుటచే మనవారి కిది మఱింత సులభమైనది. ఋషికొండ యొద్ద కడలిలో మునుగుట నేర్పువారు కలరు. అచ్చటినుండి నూఱు కిలోమీటర్లకు కొంచెము పైబడిన దూరమున అరకులోయ కలదు. పెద్దలలో ననేకుల కిది పిచ్చి యాటగా దోచుచున్నది. కూర్చుండి తినువారికి బుట్టు కోరిక యని కొందఱును, దొరల వేడుకలు మనకేల యని కొందఱును ఈసడించుచున్నారు. ఈ పెద్దలతో మేము ఏకీభవింపజాలము. యువకులు ఈ యాత్రను నడుపుకొను తీరును గూడ మేము మెచ్చజాలము. వారి యుత్సాహము కొనియాడదగినదే. వారి తొందర మాత్రము ప్రాణముమీదికి దెచ్చునట్టిది.

దొరల వేడుక యను మాటను ముందుగా బరిశీలింతము. అలిపిరినుండి తిరుమలకు 3,550 మెట్లెక్కి పోవువారెవరు? శివరాత్రికిని ఉగాదికిని నల్లమల యడవుల గుండ శ్రీశైలమునకు నడచివచ్చు వేలకొలది జనులెవరు? వారి మూట నెత్తిమీద నుండెను, వీరి మూట వీపుమీదికి మారినది, భేదమంతియే. కడలి సంగతియు నట్టిదే. సముద్రయానము చేసినవానిని వెలివేసిన దినములలో గూడ మన తీరపు కూలిజనము కాకినాడ, విశాఖ రేవులనుండి ఓడలెక్కి బర్మాకు బోయినది. అచ్చట తెలుగువానికి కోరంగివాడను పేరే వచ్చినది. నిషేధము లన్నియు ఇంటిపట్టున నుండగలిగిన వారికే గాని, కడుపుకూటికై పోవువారికి లేకుండెను. కావున కొండయు కడలియు తెలుగువారికి క్రొత్తవి కావు. మన సంపన్న గృహస్థులకు మాత్రమే అవి క్రొత్త.

ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830-31 సంవత్సరములలో కాశీయాత్ర చేసిరి. పల్లకీయు, పెద్ద పరివారమును వెంట నుండెను. అయినను త్రోవలోని యూరులను, నదులను, ధరవరలను, ఆచారములను నేనాడు చూచినది ఆనాడే వ్రాసికొనిరి. నేటి మన గృహస్థులకు వారి పల్లకీ మాత్రము వారసత్వముగా దక్కినట్లున్నది. కారులో నరకు బోయి, కారు దిగి బొఱ్ఱా గుహలు చూచి, ఫొటో తీయించుకొని, బొంగులో కోడి తిని మరల కారెక్కుదురు. ఒక దినములో ముగిసిన ఆ విహారము వలన పిల్లవానికి లోయలోని యేటి పేరైన తెలియదు. తన బియ్యము తాను మోసికొని, తన గుడారము తాను వేసికొని, వాన వచ్చిన తడిసి, త్రోవ తప్పిన గిరిజనుని గుడిసె ముంగిట నిలిచి దారి యడిగిన పిల్లవాడు వేఱు. అట్టివాడు ఇంటికి వచ్చిన పిమ్మట పాలేరును బిలుచు గొంతుక యైనను కొంత మాఱునని మాకు దోచుచున్నది.

ఆడపిల్లల విషయమున పెద్దల యభ్యంతరము మఱింత గట్టిది. వారికి మేము పూర్ణను జ్ఞాపకము చేయుచున్నాము. నిజామాబాదు జిల్లా పాకాల గ్రామమున వ్యవసాయ కూలీల యింట బుట్టి, సాంఘిక సంక్షేమ గురుకులమున జదివిన మాలావత్ పూర్ణ, భువనగిరి బండమీద నెక్కుట నేర్చి, పదునాలుగేండ్లు నిండకమున్నే 2014 మే 25వ తేదీన ఎవరెస్టు శిఖరమున నిలిచినది. ఆమెతోడనే సాధనపల్లి ఆనంద్ కుమార్ అను ఖమ్మం ప్రాంతపు బాలుడును నెక్కెను. కూలివాని బిడ్డ హిమాలయము నెక్కిరాగా, పది యెకరముల మాగాణి గల యింటి పిల్ల కళాశాల తోడివారితో అనంతగిరి కొండలలో నాలుగు దినములు నడుచుటకు వీలులేదనుట యేమి న్యాయము? కూడ నెవరు పోవుచున్నారు, నేర్పువారెవరు, రాత్రి బస యెచ్చట యని యడుగుట తండ్రి ధర్మము. అసలే పోరాదనుట ధర్మము కాదు, భయము.

అయితే పర్వతమును చులకన చేయువారికి నెల్లూరు జిల్లావాడైన మల్లి మస్తాన్ బాబు గతియు తెలియవలెను. 2006లో 172 దినములలోనే ఏడు ఖండముల యత్యున్నత శిఖరముల నెక్కిన యా మహాసాహసి 2015 మార్చిలో ఆండీస్ పర్వతములలో నసువులు బాసెను. అంతటివానినే మన్నింపని కొండ, మొన్న బజారులో బూట్లు కొని నేడు బయలుదేరిన వానిని మన్నించునా?

ఇక స్కూబా విద్య. దీనిని గూర్చి మనవారిలో నపోహలు మెండు గనుక కొంత విపులముగా వ్రాయుచున్నాము. 1943లో ఫ్రాన్సున కూస్టో, గాన్యాఁ యనువా రిరువురు కల్పించిన పరికరము దీనికి మూలము. వీపున నొక ఉక్కుసీసా యుండును. అందులో నుండునది ఆక్సిజన్ అని పలువురు తలచెదరు. అది పొరపాటు. సాధారణముగా నందులో నుండునది మనము పీల్చెడి గాలియే, అణచి నింపబడినది. నోటిలో నుంచుకొను మీట ద్వారా, ఎంత లోతున నున్న నంత ఒత్తిడితో నాగాలి మునిగినవానికి అందును. నీటిలో పది మీటర్లు దిగునప్పటికి ఒత్తిడి భూమిమీద నున్నదానికి రెట్టింపగును. చెవులలో నొప్పి పుట్టును. ముక్కు మూసి మెల్లగా నూది ఆ నొప్పిని తీర్చుకొనుచు దిగవలెను.

ఈ విద్యకు ప్రథమ సూత్రము ఊపిరి బిగబట్టరాదనుట. ప్రాణాయామము మన సొత్తని గర్వించు మనకిది వింతగా నుండును గాని, ఇచ్చట కుంభకము నిషిద్ధము. పది మీటర్ల లోతున నిండుగా బీల్చిన గాలిని బిగబట్టి పైకి వచ్చినవాని ఱొమ్ములో నా గాలి రెట్టింపు కాజూచును, ఊపిరితిత్తులు చినుగును. ప్రాథమిక పరీక్షలో గెలిచినవారికి పదునెనిమిది మీటర్లు మేర. ఆ పరీక్షకు వచ్చువాడు ముందుగా రెండువందల మీటర్లు ఈదవలెను. పది నిమిషములు నీటిపై తేలవలెను. ఉబ్బసము, గుండెజబ్బు కలవారు వైద్యుని యనుమతి లేక దిగరాదు. ఈతరాని వానిని గూడ చేయిపట్టి యొక్కసారి ముంచి చూపించు పద్ధతి యొకటి కలదు. అది వినోదము. విద్యతో దానికి నిమిత్తము లేదు.

కొండను కడలిని ఒకే సెలవులో గలుపువారు ఎఱుగవలసిన ముఖ్యవిషయ మిప్పుడు చెప్పుచున్నాము. లోతున నుండగా ఒత్తిడివలన గాలిలోని నత్రజని రక్తములోను, కండలలోను ఎక్కువగా కరగును. మెల్లగా పైకి వచ్చిన నది ఊపిరితో బాటు వెడలిపోవును. త్వరపడి వచ్చిన బుడగలై దేహములోనే నిలుచును. గోలీసోడా చూడనివారు మనలో లేరు. గోలీ లోనికి నొక్కినంతనే బుస్సుమని పొంగునుగదా. నొక్కకమున్ను ఆ బుడగలు కంటికి గానరావు. మునిగి లేచినవాని రక్తము నట్టిదే. అందుకే చివర నైదు మీటర్ల లోతున మూడు నిమిషములు నిలిచి మఱి పైకి రమ్మందురు. మేకలపై పరీక్షలు జరిపి, మెట్టుమెట్టున నాగుచు పైకివచ్చు లెక్కలను 1908లోనే ప్రకటించినవాడు బ్రిటిషు శాస్త్రజ్ఞుడు హాల్డేన్.

నీటిపైకి వచ్చుటతో కథ ముగియదు. మిగిలిన నత్రజని పోవుటకు గంటలకొలది కాలము పట్టును. ఆ లోపల నతడు ఎత్తైన తావునకు బోయెనా, అచ్చట గాలి పలుచన. సీసాలోని గోలీ మరల నొక్కినట్లగును. కావుననే మునిగినవారు ఒక్కసారి మునిగిన పన్నెండు గంటలు, పలుమార్లు మునిగిన పదునెనిమిది గంటలు గడువనిదే విమానమెక్కరాదని నియమము. విమానపు మాట చాలమందికి తెలియును, కొండమాట తెలియదు. ఆ లెక్క ఆఱువందల మీటర్ల యెత్తునుండియే వర్తించును. అరకులోయ యెత్తు తొమ్మిదివందల మీటర్లకు పైమాట. రైలుమార్గమున శిమిలిగూడ స్టేషను 996 మీటర్ల యెత్తున నున్నది. ఘాటురోడ్డు అంతకంటె నెత్తైన తావులమీదుగా బోవును. ఉదయము ఋషికొండయొద్ద మునిగి, మధ్యాహ్నమునకు కారెక్కి, సాయంకాలమున కరకులోయ చేరుట యను కార్యక్రమము, కాగితముమీద నెంత ముచ్చటగా నున్నను, ఈ నియమమును ఉల్లంఘించుటయే. కొలది లోతునకు ఒక్కమా రేగి వచ్చినవానికి ప్రమాదము తక్కువయే. మూడు దినములు వరుసగా మునిగి విద్య నేర్చినవానికి తక్కువ కాదు.

ఇందులో మఱియొక మోసమున్నది. ఈ వ్యాధికి మొదట గానవచ్చు గుఱుతులు కీళ్ళనొప్పులు, అలసట, తిమ్మిరి. కొండ యెక్కుచున్నవానికి మోకాలు నొచ్చిన, నడకవలన నొచ్చెనని యనుకొనునుగాని, నిన్న కడలిలో మునిగితినని తలచునా? మందు రాచుకొని నిదురించును. దీనికి చికిత్స ఆక్సిజన్ పట్టించుటయు, ఒత్తిడి గదిలో నుంచుటయును. అట్టి గదులు ప్రతి పట్టణమున లేవు. కావున మా సలహా యొక్కటే. కొండ ముందు, కడలి పిమ్మట. కొండ దిగివచ్చి, ఒక రాత్రి విశ్రమించి, మునుగుట నేర్చి, ఒకదినము తీరముననే గడపి ఇల్లు చేరవలెను. హైదరాబాదుపురవాసు లీ చివరి దినమును కలుపుకొని సెలవు పెట్టుకొందురుగాక. ఆ నగరమును ఐదువందల మీటర్లకు మించిన యెత్తుననే యున్నది, విమానములో బోవుటయు కలదు.

అండమానులోని స్వరాజ్ ద్వీపమునకు బోవువారికిని నిదియే మాట. 2018 వఱకు హేవ్లాకు పేరుతో నుండిన యా దీవి పగడపు దిబ్బలకు ప్రసిద్ధి. మన విశాఖ నీరు అంత నిర్మలముగా నుండదని యువకులు అచ్చటికి బోవుచున్నారు. పోవచ్చును. అచ్చటి రేవులలో తెలుగు మాట వినబడును గూడ. శ్రీకాకుళము, విశాఖ తీరములనుండి పోయి స్థిరపడిన మనవారు కలరు.

హిమాలయములకు బోవువారికి వేఱొక జాగ్రత్త. మూడువేల మీటర్లు దాటిన పిమ్మట రాత్రి పండుకొను తావు నిన్నటికంటె ఐదువందల మీటర్లకు మించి యెత్తున నుండరాదు. తలనొప్పియు, వాంతియు కలిగిన నిక నెక్కరాదు. అవి ముదిరిన వెంటనే దిగవలెను. పౌరుషమున కిచ్చట తావులేదు.

మఱి ఈ యాత్రలవలని లాభ మెవరికి జెందవలెను? మన్యములో బాట లెఱిగినవాడు గిరిజనుడు. కెరటము నడక యెఱిగినవాడు జాలరి. తెప్పమీద బోయి, ఏ రాతియొద్ద నే చేప నిలుచునో చెప్పగలవాడు వాడు. ఉక్కుసీసాలు, పడవలు, బసలు పెట్టి వ్యాపారము చేయువారు తఱచుగా పట్టణపు ధనికులు. గిరిజనునకు మూటమోయు కూలి, జాలరికి పడవ తోయు కూలి. ఇది మాకు క్రొత్తకథగా దోచుటలేదు. మన్యములో రోడ్లు వేయుటకు గిరిజనులను చాలీచాలని కూలికి వాడుకొన్నందుననే గదా ఆగ్రహము రగిలి, 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు చింతపల్లి ఠాణాపై బడుటకు దారితీసినది! ఇప్పుడా బాటలమీదనే మన పిల్లలు విలాసముగా నడచుచున్నారు. దారిచూపు గిరిజన యువకునకు శిక్షణము, పత్రము, తగిన వేతనము ఈయవలెను. జాలరి బిడ్డకు రుసుము లేకుండ మునుగుట నేర్పి గురువును జేయవలెను. పర్వతారోహణ విద్యకై 1954లో డార్జిలింగున సంస్థ నెలకొల్పినప్పుడు, క్షేత్రశిక్షణకు టెన్సింగును గురువుగా నుంచిరి. మూటలు మోయుటతో జీవితము నారంభించిన వాడాతడు.

భూవసతిగల మన పాఠకులకు ఇంకొక మాట. అరకు ప్రాంతమున నెవరో గిరిజనుని పేర భూమి తీసికొని బస కట్టింతమని యోచించువారు కొందఱున్నారు. ఏజన్సీలోని భూమి గిరిజనేతరులకు మాఱరాదని 1970 నాటి 1వ రెగ్యులేషను స్పష్టముగా శాసించుచున్నది. ఆ అనంతగిరి ప్రాంతపు గనుల వ్యాజ్యమునందే 1997లో సుప్రీంకోర్టు, ప్రభుత్వము సహితము ఆ భూమిని గిరిజనేతరులకు కౌలు కీయరాదని తీర్పు చెప్పినది. బేనామీ వ్యవహారము నేరము మాత్రమే కాదు, ఆతిథ్యమిచ్చిన వాని యిల్లు దోచుట.

రాష్ట్ర పర్యాటకశాఖవారిని మేము కోరునది పెద్ద ఖర్చుతో గూడినది కాదు. మునుగుట నేర్పు ప్రతి తావునను, ఎన్నిగంటలవఱకు కొండ యెక్కరాదో, విమానము నెక్కరాదో పెద్ద యక్షరములతో తెలుగున వ్రాసి బల్ల కట్టవలెను. అట్టిదే యొకటి శృంగవరపుకోటయొద్ద, ఘాటురోడ్డు మొదలగు తావున నుండవలెను. ఉదయము కడలి, సాయంకాలము అరకు అని యొకేదినపు టిక్కెట్టు నమ్ముటను నిలిపివేయవలెను. తుపాను హెచ్చరిక వెలువడిన దినమున నే పడవయు కదలకుండ జూడవలెను. 2014 అక్టోబరు 12వ తేదీనాటి హుద్ హుద్ ను చూచిన విశాఖవాసులకు దీని యావశ్యకతను మేము వివరింపనక్కరలేదు.